పొయ్యి ఊదని మనిషి రాసిన ఉత్తరం

ఆ నాటకం మళ్లీ మొదటినుంచి వేస్తారని రేడియోలో చెప్పిన ఆదివారం, నేను ఇంటికొచ్చి తెల్లకాగితాలు మడిచి, దబ్బనంతో కుట్టి ఒక పుస్తకం చేసుకున్నాను. ఒక్కో భాగం విన్నాక నాకేమనిపించిందో అందులో రాసుకోవాలని. ఎవరికీ చూపించడానికి కాదు. నాకప్పుడు పదిహేడేళ్లు. ఎనిమిదో తరగతితో చదువు మాన్పించేరు. రాసుకోవడానికి నాకు వేరే ఏమీ మిగల్లేదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో చోడవరం పంచాయితీ ఆఫీసుకి రేడియో వచ్చింది. బ్యాటరీ మీద నడిచేది. గుమాస్తా దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడు. సాయంత్రం తీసి మీటలు తిప్పితే గోడకి కట్టిన బాకాలోంచి వీధంతా వినబడేది. మగాళ్లు ఆఫీసు ఆవరణలో కూచునేవారు. ఆడవాళ్లం వీధికి ఇవతల, తెలుగు మేష్టారి అరుగు మీద కూచునేవాళ్లం. మేష్టారు బోర్డు స్కూల్లో నాకు మూడేళ్లు తెలుగు చెప్పేరు. అప్పటికి రిటైరయ్యేరు. ఆయన మాత్రం ఆవరణలో, మగాళ్ల మధ్య, ఇంట్లోంచి తెప్పించుకున్న కుర్చీ మీద కూచుని వినేవారు.

నాటకం పదమూడు భాగాలు. ఆదివారం ఆదివారం సాయంత్రం ఒక్కో భాగం. ఒక పెద్ద రైతు ఇల్లు, అత్త, ఇద్దరు కొడుకులు, పెద్దకోడలు. గాదెలో ధాన్యం రహస్యంగా పుట్టింటికి చేరవేస్తోందని పెద్దకోడలి మీద నింద పడుతుంది. పెద్దకొడుకు ఆమెని పుట్టింట దిగబెట్టి వచ్చేస్తాడు. చివరికి ధాన్యం తీసింది మరిది అని బయటపడుతుంది. పెద్దకొడుకు వెళ్లి ఆమెని తీసుకొస్తాడు. అంతే కథ. మొదటిసారి వేసినప్పుడు నాకు పదిహేనేళ్లు. ఆ పెద్దకొడుకు గొంతంటే నాకు ప్రాణం. అతను మాటాడకుండా నిట్టూర్చినా నాకు కళ్లమ్మట నీళ్లొచ్చేవి. ఆఖరి భాగం అయిన రోజు అన్నం తినలేదు.

రెండేళ్ల తరవాత రెండోసారి వింటూంటే ఏదో తేడా వచ్చింది. మొదటి భాగానికి ఒక్క పేజీ రాసేను, అంతా మెచ్చుకోలే. రెండో భాగానికి పేజీన్నర. మూడో భాగం విన్నాక రాయడం మొదలెడితే చెయ్యి ఆగలేదు. అత్త నింద వేసినప్పుడు పెద్దకొడుకు అక్కడే ఉన్నాడు. "నువ్వు తీసేవా?" అని పెళ్లాన్ని ఒక్క మాట అడగలేదు. నిట్టూర్చేడు. మొదటిసారి ఆ నిట్టూర్పుని నేను గొప్ప బాధ అనుకున్నాను. ఇప్పుడు అది బద్ధకం అనిపించింది. పుస్తకంలో అలాగే రాసేను: "ఇతనికి బాధ లేదు, బద్ధకం ఉంది. అడిగితే జవాబు వినాలి, విన్నాక ఏదో ఒకటి చెయ్యాలి. నిట్టూరిస్తే ఏమీ చెయ్యక్కర్లేదు." రాసి, నేనేనా రాసిందని నాకే భయం వేసింది.

మా అమ్మకి చదువు రాదు. వేలిముద్ర వేసేది. కానీ ఒకసారి విన్నది మరిచేది కాదు. రెండేళ్లకిందట ఏ భాగంలో ఎవరు ఏమన్నారో గొంతు మార్చి అప్పజెప్పగలిగేది. నాటకం నుంచి ఇంటికొచ్చేక అమ్మ పొయ్యి ముట్టించేది, నేను పక్కన దీపం పెట్టుకుని రాసేదాన్ని. నాలుగో భాగంలో పెద్దకోడలు తెల్లవారుజామున పొయ్యి రాజేస్తూ తన కష్టమంతా తనలో తాను చెప్పుకుంటుంది. ఊదిన చప్పుడు ఒకసారి వినిపించి, ఆ తరవాత పెద్ద పెద్ద మాటలు, ఎక్కడా గొంతు తడబడకుండా. ఆ వేళ మా పొయ్యిలో పచ్చి కర్రలు. అమ్మ ఊదుతోంది, దగ్గుతోంది, మళ్లీ ఊదుతోంది. మధ్యలో గొట్టం కింద పెట్టి అంది: "పొయ్యి ఊదే మనిషి అంత పొడుగు మాటలెలాగ ఆడతాదే? ఊపిరి పొయ్యికే సాలదు, మాటలకెక్కడిది?"

నేను నవ్వుతూ అది అలాగే రాసుకున్నాను. "అమ్మ అంది" అని ముందు పెట్టి రాసేను. ఆ తరవాత ప్రతివారం అమ్మని అడగడం మొదలెట్టేను. ఆరో భాగంలో ధాన్యం కొలిచే చప్పుడు విని, అది ధాన్యం కాదు, గులకరాళ్లు పోసేరు అంది. ఏడో భాగంలో కోడలు పుట్టింటికి వెళ్తే తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఏడుస్తుంది. అమ్మ అది ఒప్పుకోలేదు. నింద మోసుకొచ్చిన కూతుర్ని చూసి తల్లి ముందు తలుపేసి, పక్కింటోళ్లు విన్నారేమోనని చూస్తుందట, ఒళ్లోకి తీసుకునేది ఆ తరవాతేనట. ఈ సంగతి అమ్మకి ఎలా తెలుసో నేను అడగలేదు. రాసుకున్నాను.

ఏడో భాగం అయ్యేక నాకొక దుర్బుద్ధి పుట్టింది. దుర్బుద్ధి అని ఇప్పుడు అంటున్నాను, అప్పుడు అది భక్తి. తప్పులుంటే దిద్దిపెడతారని ఆ పుస్తకం మేష్టారికిచ్చేను. స్కూల్లో నా వ్యాసాలు క్లాసులో చదివి వినిపించేవారు ఆయన. చదువు మాన్పించినప్పుడు, మరో మూడేళ్లు చదివించండి అని మా నాన్నతో అన్న మనిషి కూడా ఆయనొక్కరే. ఆయన మీద నాకు అంత గురి.

పుస్తకం పది రోజులు ఉంచుకుని ఇచ్చేరు. ఎర్రసిరాతో చాలా దిద్దేరు. ఒత్తులు, దీర్ఘాలు సరే. "అమ్మ అంది" అన్న చోటల్లా అడ్డగీత కొట్టి, పక్కన "అనవసరం" అని రాసేరు. విమర్శలో ఇంటి మాటలు తేకూడదు, అభిప్రాయం సూటిగా చెప్పాలి అని వివరంగా చెప్పేరు. నేను సిగ్గుపడ్డాను. పొయ్యి దగ్గర మాటలు పుస్తకానికెక్కించినందుకు నాకే నామోషీ అనిపించింది. ఇంటికొచ్చి అమ్మతో కూడా చెప్పేను, ఇకనుంచి నీ మాటలు రాయొద్దన్నారు అని. అమ్మ సరేలే అంది. ఆ రోజు నేనామెతో ఆ ముక్క అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

తొమ్మిదో భాగం వేసిన ఆదివారం అది. నాటకానికి ముందు పది నిమిషాలు శ్రోతల ఉత్తరాలు చదివేవారు. ఆ వేళ ఒక ఉత్తరం చదువుతూ చోడవరం అన్నారు. అరుగు మీద అందరం నిటారుగా కూచున్నాం. తరవాత మేష్టారి పేరు చెప్పేరు. ఆవరణలో చప్పట్లు మొదలయ్యేయి, ఎవరో ఉష్‌మన్నారు. రేడియోలో ఆడమనిషి గొంతు చక్కగా, నెమ్మదిగా చదివింది: ఇతనికి బాధ లేదు, బద్ధకం ఉంది. అడిగితే జవాబు వినాలి.

నాకు మొదట సంతోషం వేసింది. నిజమే చెప్తన్నాను. నా మాటలు గాల్లోంచి వస్తున్నాయి కదా అని ఒక్క క్షణం ఒళ్లు పులకరించింది. నా పేరు కూడా చెప్తారేమోనని ఎదురు చూసేను. ఆ తరవాత ఆ గొంతు చదివింది: "పొయ్యి ఊదే స్త్రీ అంత సుదీర్ఘ సంభాషణ ఎలా పలుకగలదు? ఊపిరి పొయ్యికే చాలదు, మాటలకెక్కడిది?" ఆవరణలో మగాళ్లు గొల్లున నవ్వేరు. మేష్టారెంత సూక్ష్మంగా పట్టేరండీ అని ఎవరో అన్నది మా అరుగు దాకా వినబడింది. ఆయన జన్మలో పొయ్యి ముందు కూచున్న మనిషి కాదు. కాఫీ వేడి తగ్గిందని గ్లాసు వెనక్కి పంపే మనిషి.

అమ్మ నా వైపు తిరిగింది. గొంతు తగ్గించి, ఎవరికీ వినబడకుండా అంది: "అది నాను అన్న మాటేనే."

ఆమెకి కోపం లేదు. ఆశ్చర్యం. తన వస్తువేదో ఇంకొకరి ఇంట్లో కనబడితే మనిషి ముందు కళ్లు చికిలించి చూస్తుందే, అలాగ. ఆ మొహం చూసేక నా ఒంట్లో మంట మొదలయ్యింది. తొమ్మిదో భాగంలో ఒక్క ముక్క నాకు వినబడలేదు. పుస్తకంలో తొమ్మిదో భాగం పేజీలో ఈ రోజుకీ ఒక్క వాక్యమే ఉంది, "వినలేదు" అని.

నాటకం అయ్యేక ఆయన వీధి దాటి ఇంటికొచ్చేరు. వెనకాల ఇద్దరు ముగ్గురు మెచ్చుకుంటూ వస్తన్నారు. మిగతా ఆడవాళ్లు లేచి తప్పుకున్నారు. నేను మెట్టు మీదే నిలబడ్డాను. మేష్టారండీ, ఆ ఉత్తరం నాది అన్నాను. అందరికీ వినబడింది.

ఆయన తడుముకోలేదు. అదే నన్ను ఎక్కువ మండించింది. తప్పు చేసేనన్న నీడైనా లేదు మొహంలో.

"మాటలు నీవి కావచ్చు అమ్మాయ్. వాటికో వరస, భాష ఇచ్చింది నేను. ఊళ్లో ఆడపిల్ల పేరు రేడియోలో మోగితే మీ నాన్న తలెత్తుకు తిరగ్గలడా? నీకు మేలే చేసేను. అయినా మా అరుగు మీద కూచుని విన్నదే కదా."

ఆ చివరి మాట వినేసరికి కోపంతో నాకు కళ్లు కనబడలేదు. అరుగు మీద కూచున్నందుకు మా మాటలు ఆయనవి అయిపోతాయన్న మాట. "నా మాటలు దిద్దేరు. మా అమ్మ మాటలు కొట్టేసేరు. కొట్టేసిన మాట మీ ఉత్తరంలోకి ఎలాగొచ్చింది? దీన్ని దొంగతనం అంటారు" అన్నాను.

ఆ మాటతో వెనకున్నవాళ్లు ఒక్కసారి గొణగడం మొదలెట్టేరు. మేష్టారి భార్య గుమ్మంలో దీపం పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ నా వైపు చూడలేదు. అమ్మ నా రెక్క పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది.

మేం ఇంటికి చేరేలోపే కబురు నాన్నకి చేరింది. అవి బెల్లం వండే రోజులు. నాన్న పొలంలోనే పెనం దగ్గర ఉండేవాడు, తెల్లారి ఇంటికొచ్చేడు. చేతులకి బెల్లం పాకం అట్టలు కట్టి ఉంది. కాళ్లు కూడా కడుక్కోలేదు. మేష్టార్ని దొంగ అన్నావట అని అడిగేడు. అవును, అన్నాను అని చెప్పేను. జరిగిందంతా వరసగా చెప్పేను. ఎర్రసిరా గీతలు చూపించేను. నాన్నకి చదవడం కొద్దిగా వచ్చు. పేజీలు తిప్పేడు గాని చదివేడో లేదో తెలీదు.

నాన్న కష్టం నాకు తెలియంది కాదు. భూమి తగువులో అర్జీలన్నీ మేష్టారే రాసిపెట్టేవారు. తాలూకా ఆఫీసు నుంచి కాగితం వస్తే ఆయన దగ్గరికే పట్టుకెళ్లాలి. నాన్న అదే చెప్పేడు. రేపు నేను ఆయన గడప తొక్కాలా వద్దా అన్నాడు. వెళ్లి కాళ్లకి దండం పెట్టి, తప్పయిందని చెప్పి రమ్మన్నాడు.

"నాను వెళ్లను. ఆయనొచ్చి అమ్మకి చెప్పాలి" అన్నాను.

నాన్న చెయ్యెత్తేడు గాని కొట్టలేదు. ఇకనుంచి ఆ అరుగు లేదు, రేడియో లేదు, రాతకోతలు లేవు అని చెప్పి, కాళ్లు కడుక్కుని పడుకున్నాడు. నేను ఏడవలేదు. ఆ వారమంతా అంట్లు తోమితే గిన్నెలు సొట్టలు పడ్డాయి.

నాకు ఎక్కువ మంట ఎవరి మీదంటే, మేష్టారి మీద కాదు, ఆ నాటకం మీద. పెద్దకోడలి మీద నింద వేసిన రోజు ఆమె ఏం చేసింది? తలొంచుకుంది. పదిహేనేళ్లప్పుడు అదెంత గొప్పగా ఉందో నాకు. ఇప్పుడు ఆ తలొంచుకున్న మనిషి గొంతు తలుచుకుంటేనే ఒళ్లు మండింది. పదమూడు వారాలు నోరెత్తని మనిషిని కూచోబెట్టి ఊరూరి ఆడపిల్లల చేత ఏడిపించేరే అనిపించింది. నేను కూడా ఏడ్చేను కదా.

పదో భాగం వేసే ఆదివారం వచ్చింది. నాన్న పొలంలో ఉన్నాడు. అమ్మ ఆ వేళ పెందరాళే వంట చేసేసింది. జుట్టు ముడేసుకుని, మూలనున్న చాప చంకన పెట్టుకుంది. ఎక్కడికని అడిగేను.

"లెగు. పంచాయితీ ఆవరణలో కూకుందాం. అది ఎవులి అరుగూ కాదు."

మా అమ్మ అంతవరకు మా నాన్న మాట దాటింది నేను చూడలేదు. వీధిలో నేను ప్రతి గుమ్మం వైపూ చూసుకుంటూ నడిచేను. ఆమె మాత్రం సంతకెళ్తున్నట్టు నడిచింది. ఆఫీసు గోడ మీద నీలం రంగుతో "ఈ రేడియో ప్రజలందరి కొరకు" అని రాసి ఉంది. అది చదివి వినిపించేను. అందరూ అంటే మనం కూడానేటి అని అడిగింది. అవునన్నాను. తిన్నగా బాకా కిందకెళ్లి చాప పరిచింది.

మగాళ్లు చుట్టలు దాచుకోవాలో కాల్చుకోవాలో తెలియక దిక్కులు చూసేరు. గుమాస్తా దగ్గరికొచ్చి, ఆడవాళ్లకి మేష్టారి అరుగుంది కదమ్మా అన్నాడు మర్యాదగానే. ఇక్కడైతే బాగా ఇనబడతాది బాబూ అంది అమ్మ. అతను వెనక్కెళ్లి రేడియో మీటల దగ్గర కూచున్నాడు. మేష్టారు కుర్చీలో ఉన్నారు. మా వైపు చూడకుండా ఉండడానికి మెడ ఎంత బిగబట్టేరో నేను చూసేను. నాకు తృప్తి కలగలేదు. ఆయన మెడ నొప్పెడితే మా అమ్మ మాట వెనక్కొస్తుందా?

నాటకం సగంలో నాన్న గేటు దగ్గరికొచ్చేడు. ఎవరో చెప్పినట్టున్నారు. అందరూ వింటన్నారు, అరవడానికి లేదు. లోపలికి రాలేదు, వెనక్కి పోలేదు. నాటకం అయ్యేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాడు. అయ్యేక మాకన్నా ముందు నడిచి ఇంటికెళ్లేడు. అన్నం తిన్నాడు. మాటాడలేదు. మళ్లీ వెళ్లొద్దని మాత్రం అనలేదు, అమ్మతోనూ, నాతోనూ.

తరవాతి వారం మా పక్కింటి రెండు కుటుంబాల ఆడవాళ్లు వచ్చేరు. పన్నెండో భాగానికి తొమ్మిదిమందిమి. ఆఖరి భాగం రోజున మేష్టారి భార్య కూడా వీధి దాటి వచ్చింది. మా చాప అంచున నిలబడి, అమ్మతో కాదు, నాతో చెప్పింది. మేష్టారు ఆ ఉత్తరం రాస్తున్నప్పుడు ఆవిడ పక్కనే ఉందట. నా పుస్తకం ముందు పెట్టుకుని రాసేరట. ఆవిడ చూస్తూనే ఉందట.

మరి ఆ రోజు గుమ్మంలో ఉండి ఎందుకు చెప్పలేదండీ అని అడిగేను. "చెప్తే?" అంది ఆవిడ. అంతే అంది. నాకు జాలి కలగాలి కాబోలు. కలగలేదు. నేను చాప మీద జరగలేదు. అమ్మే జరిగి చోటిచ్చింది.

ఆఖరి భాగంలో పెద్దకొడుకు వెళ్లి భార్యని తీసుకొచ్చేడు. ఆమె అతని కాళ్ల మీద పడింది, సన్నాయి వాయించేరు. నేను ఇంటికొచ్చి నాలుగు పేజీలు రాసేను. "పదమూడు వారాల్లో ఇతను ఆమెని అడిగిన ఒకే ఒక్క ప్రశ్న, బండి ఎక్కుతావా అని. క్షమించమని అడగలేదు. అడగవలసింది ఇతను, కాళ్ల మీద పడింది ఆమె. ఇది రాసినవారెవరో వారింట్లో ఆడవాళ్లని ఒకసారి అడిగి రాయాల్సింది." ఎర్రసిరా గీతల కింద పడిపోయిన మాటలు కూడా మళ్లీ ఎత్తి రాసి, పదమూడు భాగాల మీద అభిప్రాయం ఉత్తరంగా రాసేను. మా అమ్మ చెప్పగా నేను రాసేను అని మొదట్లోనే పెట్టేను. కిందటిసారి మీరు చదివిన ఉత్తరంలో మాటలు మావి అని కూడా రాసేను. మా ఇద్దరి పేర్లూ వేసి, అమ్మ చేత వేలిముద్ర వేయించి, పోస్టు చేసేను. మూడు వారాలకి అచ్చువేసిన కార్డొకటి వచ్చింది, మీ ఉత్తరం అందింది, కృతజ్ఞతలు అని. రేడియోలో ఎప్పుడూ చదవలేదు. నేను ప్రతి ఆదివారం ఆవరణలో కూచుని విన్నాను, నాటకం అయిపోయేక కూడా ఎన్నో వారాలు.

ఆ వేసవిలో లైబ్రరీ వార్షికోత్సవానికి మేష్టార్ని అధ్యక్షుడిగా కూచోబెట్టేరు. రేడియోలో చదివిన ఉత్తరం సంగతి సభలో చెప్పి, ఆయనకి దండ వేసేరట. నేను వెళ్లలేదు. వెళ్లినవాళ్లు ఇంటికొచ్చి మరీ చెప్పేరు.

ఆ మర్నాడు మధ్యాహ్నం నాన్న అన్నం తింటూ, ఆఖరికి ఆ కోడలు ఏటైంది అని అడిగేడు. ఆయన విన్నది గేటు దగ్గర నిలబడి విన్న అర్ధభాగమే. మూడు నెలల తరవాత ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది. మెత్తబడి అడిగేడని నాకు తెలుసు.

"మేష్టార్ని అడుగు. దండ వేసేరు కదా, ఆయనకే తెలుస్తాది" అన్నాను.

నాన్న ముద్ద కలుపుతూ ఆగేడు. తలెత్తకుండా, ఆ ఉత్తరం మీదేనని నాకు ఆ రోజే తెలుసు అన్నాడు. బెల్లం పనులు మొదలవక ముందు, మేమిద్దరం పొయ్యి దగ్గర మాటాడుకుంటుంటే వారం వారం వినేవాడట. తెలిసే నన్ను కాళ్లకి దండం పెట్టమన్నాడు. తెలియక అన్నాడనుకుని అంతవరకు సగం క్షమించి ఉన్నాను. ఆ సగం కూడా ఆ క్షణంలో పోయింది. వడ్డిస్తున్న గిన్నె అక్కడే పెట్టి నేను పెరట్లోకి వెళ్లిపోయేను. లోపల అమ్మ నాన్నకి కథంతా మొదటినుంచి చెప్పడం వినబడుతూనే ఉంది. ఆయన మధ్యమధ్యలో ప్రశ్నలు వేస్తన్నాడు. ఆయన చెయ్యి కడుక్కుని పొలానికి వెళ్లేదాకా నేను లోపలికి రాలేదు.